ఒంటి ఊపిరితిత్తి వెంటిలేషన్: ఛాతీ శస్త్రచికిత్సలో శ్వాస నిర్వహణ

ఊపిరితిత్తుల కాన్సర్, క్షయ తినేసిన ఊపిరితిత్తి భాగం, అన్నవాహికలో గడ్డ, ఛాతీలో ఉబ్బిన బృహద్ధమని. వీటికి ఆపరేషన్ చేయాలంటే సర్జన్‌కు ఆ పక్క ఊపిరితిత్తి గాలి పోయి, ముడుచుకుని, కదలకుండా ఉండాలి. ఆ రెండు మూడు గంటలూ మనిషి ప్రాణం రెండో ఊపిరితిత్తి మీదే నిలవాలి. ఒకదాన్ని ఆపి ఇంకొకదానికి మాత్రమే గాలి అందించే ఈ పద్ధతిని ఒంటి ఊపిరితిత్తి వెంటిలేషన్ అంటారు. ఛాతీ శస్త్రచికిత్సలో మత్తు డాక్టరు చేసే పనికి ఇదే కేంద్రం. ఇందులో మందులకూ వెంటిలేటరుకూ తమ తమ స్థానాలున్నాయి. అయినా అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆపరేషన్ పొడుగునా మళ్లీ మళ్లీ తేల్చుకోవాల్సింది, నోట్లోంచి లోపలికి వేసిన గొట్టం కొస సరిగ్గా ఎక్కడ ఉందన్నదే. ఒక్క సెంటీమీటరు తేడాతో ఆపరేషన్ సాఫీగా సాగవచ్చు, లేదా రోగి నీలబడవచ్చు.

ఛాతీ తెరవడమే ఒక సమస్య

ఊపిరితిత్తులు వాటంతట అవే విచ్చుకుని ఉండవు. వాటికీ పక్కటెముకల గోడకూ మధ్య ఉన్న సన్నని ఖాళీలో పీడనం బయటి గాలి కంటే తక్కువగా ఉండటం వల్ల అవి గోడను అంటుకుని నిలుస్తాయి. ఛాతీ కోయగానే బయటి గాలి లోపలికి దూరి ఆ పట్టు పోతుంది, ఆ వైపు ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. రోగి తనంతట తాను ఊపిరి తీస్తూ ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. గాలి పీల్చినప్పుడల్లా గుండె, పెద్ద రక్తనాళాలు మంచి వైపుకు ఒరుగుతాయి. ముడుచుకున్న ఊపిరితిత్తిలోని వాడేసిన గాలి మంచి ఊపిరితిత్తిలోకి పోతుంది, విడిచినప్పుడు తిరిగి వస్తుంది. ఎంత వేగంగా ఊపిరాడినా కొత్త గాలి అందదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి కడుపు కోసి ఆపరేషన్లు చేయడం బాగా అలవాటైన సర్జన్లు కూడా ఛాతీ జోలికి పోవడానికి భయపడింది ఇందుకే.

1904లో బ్రెస్లావ్ నగరంలో ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ అనే యువ సర్జన్ దీనికి భారీ పరిష్కారం కనిపెట్టాడు. లోపలి గాలిపీడనం తగ్గించిన ఒక గది కట్టి, రోగి మొండెం గదిలోను, తల బయటా ఉండేలా మెడ చుట్టూ గాలి చొరకుండా బిగించాడు. సర్జన్లు గదిలోపల నిలబడి ఆపరేషన్ చేసేవారు. మత్తు ఇచ్చేవారు బయట తల దగ్గర ఉండేవారు. గదిలో పీడనం తక్కువ కాబట్టి ఛాతీ తెరిచినా ఊపిరితిత్తి కుంచించుకుపోదు. సూత్రం సరైనదే. కానీ గదిలో గాలి కారడం మొదలైతే ఏమవుతుందో మొదటి రోగి మరణంతోనే తెలిసింది.

మనిషి చుట్టూ పీడనం తగ్గించడం కంటే ఊపిరితిత్తి లోపల పెంచడం తేలిక. 1909లో న్యూయార్కులో మెల్ట్‌జర్, అవర్ జంతువుల శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పెట్టి గాలి ఊది, ఛాతీ తెరిచినా వాటిని బతికించవచ్చని చూపారు. మరుసటి ఏడాది ఎల్స్‌బర్గ్ ఆ పద్ధతిని మనుషుల్లో వాడాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ఆపరేషన్లు జరుగుతున్నప్పుడు మాగిల్, రోబోథమ్ వెడల్పైన రబ్బరు గొట్టాలను శ్వాసనాళంలో పెట్టే నేర్పును స్థిరపరిచారు. ఇవాళ ప్రతి ఆపరేషన్ థియేటరులో కనిపించే గొట్టానికి మూలం అదే.

శ్వాస మీద కన్ను వేసి ఉంచాలన్న పట్టుదలకు మన హైదరాబాదులోనూ పాత చరిత్ర ఉంది. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో, 1889లో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. మత్తులో ఉన్నవారి నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండమని లారీ వాదం. క్లోరోఫాం గుండెను నేరుగా కూడా ఆపగలదని తర్వాత తేలడంతో ఆ వాదంలో సగం వీగిపోయింది. ఊపిరిని వదలకుండా చూడాలన్న సగం మాత్రం నిలిచింది.

చీము, నెత్తురు, రెండో పక్క

ఒంటి ఊపిరితిత్తి పద్ధతి సర్జన్‌కు చోటు ఇవ్వడానికి పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని మొదటి ఉద్దేశం మంచి ఊపిరితిత్తిని కాపాడటం. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఛాతీ ఆపరేషన్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది ఊపిరితిత్తుల్లో చీము పట్టినవారు, క్షయ రోగులు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెడితే చెడ్డ ఊపిరితిత్తి పైకి వస్తుంది, మంచిది కిందికి పోతుంది. పైనున్న చీము ఒక్కసారిగా కిందికి జారితే రోగి తన చీములో తానే మునిగిపోతాడు. 1930ల మొదట్లో అమెరికాలో గేల్, వాటర్స్ గొట్టాన్ని శ్వాసనాళం దాటించి ఒకవైపు కొమ్మలోకి దించి ఆ పక్కకే గాలి ఇచ్చారు. అదే దశకం నడుమ ఆర్చిబాల్డ్, మాగిల్ చెడ్డవైపు కొమ్మను రబ్బరు బెలూన్‌తో మూసేసే సాధనాలు తెచ్చారు. 1933లో సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం కాన్సర్ సోకిన ఒక వైద్యుడి ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా ఒకే విడతలో తీసివేశాడు. ఆ రోగి తర్వాత మూడు దశాబ్దాలు బతికాడు. గ్రాహం 1957లో ఊపిరితిత్తుల కాన్సర్‌తోనే చనిపోయాడు.

ఇప్పుడు అందరూ వాడే రెండు దారుల గొట్టం, అంటే డబుల్ ల్యూమెన్ ట్యూబు, ఆపరేషన్ కోసం తయారైంది కాదు. 1949లో స్వీడన్‌లో కార్లెన్స్ ఒక్కో ఊపిరితిత్తి పనితనాన్ని విడివిడిగా కొలవడానికి దాన్ని రూపొందించాడు. ఏడాది తిరక్కుండానే బ్యోర్క్‌తో కలిసి దాన్ని థియేటరులోకి తెచ్చాడు. శ్వాసనాళం చీలే చోట ఆనుకునేందుకు దానికి చిన్న కొక్కెం ఉండేది. ఆ కొక్కెం స్వరపేటికను గీరేది. 1962లో మాంచెస్టర్‌కు చెందిన రాబర్ట్‌షా కొక్కెం తీసేసి, దారులు వెడల్పు చేసి, ఎడమకు కుడికి వేరువేరుగా మలిచాడు. నేటి ప్లాస్టిక్ గొట్టాలు ఆ నమూనా వారసులే.

మన దేశంలో ఈ కథ క్షయతో పెనవేసుకుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నడిపిన శానిటోరియం లాంటి చోట్ల విశ్రాంతి, గాలి, వెలుతురే మొదటి వైద్యం. ప్రపంచమంతటా ఆ కాలపు శానిటోరియాల్లో ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బు ఊపిరితిత్తిని కావాలనే ముడుచుకునేలా చేసేవారు. 1940ల చివర వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టాడు. క్షయకు మాత్రలు వచ్చాక ఆపరేషన్లు తగ్గాయి, ఆగిపోలేదు. మానిన క్షయ గూటిలో బూజు గడ్డ కట్టి నెత్తురు కక్కేవారు, ఊపిరితిత్తి చుట్టూ చీము పేరుకున్నవారు నేటికీ మన ఆసుపత్రులకు వస్తున్నారు. కుక్కల నుంచి, గొర్రెల మందల మధ్య మనుషులకు సోకే హైడాటిడ్ తిత్తులు దేశంలో ఎక్కువగా కనబడే చోట్లలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ తిత్తి పగిలి నీరు మంచి ఊపిరితిత్తిలోకి పోతే శ్వాస ఆగుతుంది, తీవ్రమైన ఎలర్జీతో రక్తపోటు పడిపోవచ్చు. ఇలాంటి వారిలో రెండు ఊపిరితిత్తులనూ వేరుచేయడం సర్జన్ సౌకర్యం కోసం కాదు, అది తప్పనిసరి రక్షణ.

గొట్టం వేయడం, చూసుకోవడం

పెద్దవారిలో శ్వాసనాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుండి రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ వెడల్పుగా, నిటారుగా, పొట్టిగా ఉంటుంది. రెండు సెంటీమీటర్లు పోకముందే దాని నుంచి పై తమ్మెకు, అంటే ఊపిరితిత్తి పై భాగానికి, దారి చీలుతుంది. ఎడమ కొమ్మ సన్నగా, ఏటవాలుగా, దాదాపు 5 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆచరణ అంతా ఈ తేడాను బట్టే నడుస్తుంది. ఎడమ కొమ్మలోకి వెళ్లే గొట్టం ఒకటిన్నర సెంటీమీటరు అటూ ఇటూ జరిగినా పని నడుస్తుంది. కుడి గొట్టానికి ఆ వెసులుబాటు కొన్ని మిల్లీమీటర్లే, అది దాటితే కుడి పై తమ్మె మూసుకుపోతుంది. అందుకే ఏ పక్క ఆపరేషన్ అయినా చాలామంది ఎడమ గొట్టాన్నే ఎంచుకుంటారు. ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేటప్పుడు, ఎడమ కొమ్మనే కోసి అతికేటప్పుడు, గడ్డో బృహద్ధమనో ఆ కొమ్మను నొక్కుతున్నప్పుడు కుడి గొట్టం వాడతారు.

పెద్దవారి గొట్టాలు 35, 37, 39, 41 ఫ్రెంచ్ సైజుల్లో వస్తాయి, చిన్న శరీరాలకు 32, 28, 26 కూడా ఉన్నాయి. స్వరతంత్రుల మధ్య నుంచి కొస దాటాక గొట్టాన్ని ఎడమకు పావు చుట్టు తిప్పి, మెత్తని అడ్డు తగిలేదాకా దించుతారు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషిలో పళ్ల దగ్గర 29 సెంటీమీటర్ల గుర్తు ఉండాలని, ఎత్తు 10 సెంటీమీటర్లు మారితే లోతు ఒక సెంటీమీటరు మారుతుందని ఒక లెక్క వాడుకలో ఉంది. పొట్టివారిలో ఈ లెక్క అంత నమ్మదగ్గది కాదు. 150 సెంటీమీటర్ల దగ్గరుండే మన ఆడవాళ్లలో గొట్టం సైజు కూడా ఎత్తు చూసి నిర్ణయించడం కంటే సీటీ స్కాన్‌లో ఎడమ కొమ్మ వెడల్పు కొలుచుకోవడం మేలు.

వేశాక ఒక్కో దారినీ మూసి స్టెతస్కోపుతో రెండు వైపులా వినడం పాత పద్ధతి. వినాల్సిందే, కానీ వినడంతో ఆగకూడదు. చెవికి సరిగ్గా ఉందనిపించిన గొట్టాల్లో మూడింట ఒక వంతుకు పైగా బ్రాంకోస్కోపుతో చూసినప్పుడు స్థానం తప్పి ఉన్నాయని తేలింది. బ్రాంకోస్కోపు అంటే శ్వాసనాళంలోకి దించి చూసే దుర్భిణి; షిగెటో ఇకెడా 1960లలో జపాన్‌లో రూపొందించిన వంగే రకం ఈ పనికి తెచ్చిన మార్పు మరే మందూ తేలేదు. గొట్టంలో శ్వాసనాళంలోకి తెరుచుకునే పై దారిలోంచి దాన్ని దించితే ముందు శ్వాసనాళం వలయాలు కనిపిస్తాయి. ముందువైపు ఎముకలాంటి మృదులాస్థి అర్ధచంద్రాలు, వెనకవైపు పొడవునా సాగే కండర గీతలు. వాటిని బట్టి ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. ఆపైన నాళం చీలే పదునైన అంచు వస్తుంది. దానికి ఎడమ పక్క కొమ్మలో, గొట్టం కొసనున్న నీలి రంగు బెలూన్ పై అంచు సన్నని నెలవంకలా, అంచు దాటి పైకి పొంగకుండా కనబడాలి. తర్వాత కుడి కొమ్మలోకి వెళ్లి పై తమ్మె ద్వారం చూస్తారు. దాని లోపల మూడు రంధ్రాలు కలిసి కనిపించే చోటు శ్వాసవృక్షంలో సాధారణంగా అదొక్కటే కాబట్టి అది చూస్తే కుడి ఎడమల మీద అనుమానం తీరుతుంది. ఆ నీలి బెలూన్‌కు ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్ల గాలి చాలు. ఎక్కువైతే కొమ్మ గోడ చిరిగే ప్రమాదం ఉంది.

రోగిని వెల్లకిలా నుంచి పక్కకు తిప్పగానే మళ్లీ చూడాలి. మెడ వెనక్కి వంగితే గొట్టం పైకి జరుగుతుంది, ముందుకు వంగితే లోపలికి పోతుంది. బ్రాంకోస్కోపు లేకుండా కూడా ఈ గొట్టాలు వేసిన అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. వారి నేర్పు గొప్పదే. అయినా ఛాతీ ఆపరేషన్లు చేసే ప్రతి థియేటరులో ఆ పరికరం ఉండటం కనీస అవసరం. దాన్ని విలాసంగా లెక్కగట్టి కొనుగోలు జాబితాలో కిందికి తోయడం రోగి భద్రతను తోయడమే.

రెండు దారుల గొట్టం అందరికీ సరిపడదు. నోరు తెరుచుకోనివారికి, అప్పటికే మామూలు గొట్టంతో ఐసీయూ నుంచి వచ్చినవారికి, మెడకు రంధ్రం ఉన్నవారికి బ్రాంకియల్ బ్లాకర్ అనే సన్నని బెలూన్ గొట్టాన్ని మామూలు గొట్టం లోంచే దించి ఒక కొమ్మను మూస్తారు. గొంతు నొప్పి, బొంగురు తక్కువ. కానీ స్థానం తేలిగ్గా తప్పుతుంది, దాని సన్నని దారిలోంచి చీము, నెత్తురు లాగలేం. సర్జన్ కొమ్మ మీద స్టేపుల్ వేసే ముందు బ్లాకర్‌ను వెనక్కి లాగమని గుర్తుచేయకపోతే అది కుట్టులో చిక్కుకుంటుంది. అలా జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో రెండు దారుల గొట్టం పట్టదు, బ్లాకరో, ఒక కొమ్మలోకే దించిన మామూలు గొట్టమో దిక్కు.

గాలి ఆగినా ఆగని నెత్తురు

ఒక ఊపిరితిత్తికి గాలి ఆపగలం, నెత్తురు ఆపలేం. గాలి లేని ఊపిరితిత్తి గుండా పోయిన రక్తం ఆక్సిజన్ లేకుండానే తిరిగొచ్చి మంచి రక్తంలో కలుస్తుంది. అయినా చాలామందిలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోదు. దానికి ఒక కారణం గురుత్వాకర్షణ. పక్కకు పడుకున్నప్పుడు కింది ఊపిరితిత్తికి రక్తంలో దాదాపు 60 శాతం చేరుతుంది. రెండో కారణం మరీ విశేషమైనది. ఆక్సిజన్ తగ్గిన చోట ఊపిరితిత్తి రక్తనాళాలు వాటంతట అవే ముడుచుకుని రక్తాన్ని గాలి ఉన్న చోటికి మళ్లిస్తాయి. శరీరంలో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు విచ్చుకుంటాయి, ఇక్కడ మాత్రం తిరగబడుతుంది. 1946లో ఫాన్ అయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలతో దీన్ని నమోదు చేశారు. ఈ ముడుత నిమిషాల్లో మొదలై, అరగంటకు బలపడి, రెండు గంటలదాకా ఇంకా పెరుగుతుంది. అందువల్ల గాలి ఆపిన తొలి అరగంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. పీల్చే మత్తుమందులు మోతాదు మించితే ఈ రక్షణను బలహీనపరుస్తాయి. రక్తనాళాలను విప్పే మందులూ అంతే.

ఎవరికి ఆక్సిజన్ పడిపోతుందో కొంతవరకు ముందే ఊహించవచ్చు. కుడి ఊపిరితిత్తి పెద్దది కాబట్టి దాన్ని ఆపినప్పుడు నష్టం ఎక్కువ. వెల్లకిలా పడుకోబెట్టి చేసే ఆపరేషన్లలో గురుత్వాకర్షణ సాయం ఉండదు. జబ్బు ఊపిరితిత్తికి ముందునుంచే రక్తం తక్కువ పోతుంటే మాత్రం, ఆపినా పెద్ద తేడా రాదు. అందుకే క్షయతో పూర్తిగా నాశనమైన ఊపిరితిత్తి తీసే రోగి కంటే, ఆరోగ్యమైన ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉన్న రోగే కొన్నిసార్లు ఎక్కువ కంగారు పెడతాడు.

ఉన్న ఒక్కదానికి ఎంత గాలి?

ఒకప్పుడు ఒక్క ఊపిరితిత్తికీ కిలోకు 10 మిల్లీలీటర్లు, అంతకు మించీ కొట్టేవారు. రెండింటికి ఇచ్చే గాలినే ఒకదానిలోకి పంపితే ఆక్సిజన్ బాగుంటుందని లెక్క. ఆ గంటకు అంకె బాగానే ఉండేది. కానీ సాగదీసిన గాలితిత్తులు దెబ్బతిని, ఒకటి రెండు రోజుల తర్వాత ఊపిరితిత్తికి నీరు పట్టేది. ఊపిరితిత్తి మొత్తం తీసినవారిలో ఇది ప్రాణాంతకం. ఇప్పుడు కిలోకు 4 నుంచి 6 మిల్లీలీటర్లే ఇస్తున్నారు, ఆ కిలోలు కూడా కాటా మీద చూసినవి కావు, ఎత్తును బట్టి లెక్కగట్టినవి. 152 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న స్త్రీని తీసుకుందాం. పాత లెక్కన ఒక్కో శ్వాసకు 700 మిల్లీలీటర్లు. ఆమె ఎత్తుకు తగిన బరువు 45 కిలోల చిల్లర, కిలోకు 5 చొప్పున 225 మిల్లీలీటర్ల పైన కొంచెం. లావైనంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ పాతికేళ్లలో ఛాతీ మత్తు వైద్యం నేర్చుకున్న పెద్ద పాఠం.

తక్కువ గాలి ఇస్తే గాలితిత్తులు మూసుకుపోతాయి కాబట్టి శ్వాస విడిచినప్పుడు కూడా కొంత పీడనం నిలిపి ఉంచుతారు. దాన్ని పీప్ అంటారు, సాధారణంగా 5 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర మొదలుపెడతారు. పొగతాగి ఊపిరితిత్తులు ఉబ్బినవారిలో గాలి పూర్తిగా బయటికి రాక లోపలే చిక్కుకుంటుంది, వారికి పీప్ తగ్గించి, విడిచే సమయం పెంచాలి. గాలి లోపలికి నిండిన చివర పీడనం 30 దాటనీయరు, వీలైతే 25 లోపే ఉంచుతారు. కార్బన్ డయాక్సైడ్ కొంత పెరిగితే ఓర్చుకుంటారు.

శాచురేషన్ పడిపోతే

జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1970లలో కనిపెట్టిన పల్స్ ఆక్సీమీటరు రాకముందు రక్తం రంగు నల్లబడటమే సూచన. అది కనిపించేసరికే ఆలస్యం. ఇప్పుడు వేలికి పెట్టిన క్లిప్పు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ నిండిన శాతం, 90 కిందికి జారుతోందని చెప్పగానే వరుసగా చేయాల్సినవి ఉన్నాయి. ఆక్సిజన్ నూరు శాతం చేయాలి, సర్జన్‌కు చెప్పాలి, బ్రాంకోస్కోపు పెట్టి గొట్టం చూడాలి. ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది. బెలూన్ జరిగి ఉంటుంది, లేదా కళ్లె అడ్డుపడి ఉంటుంది. గొట్టం బాగుంటే గుండె ఎంత రక్తం పంపుతోందో చూడాలి. ఆపైన కింది ఊపిరితిత్తిని ఒకసారి నిదానంగా పూర్తిగా విచ్చదీసి పీప్ సరిచేయాలి. అప్పటికీ లేవకపోతే ఆపిన ఊపిరితిత్తికి కొంచెం ఆక్సిజన్‌ను రెండు మూడు సెంటీమీటర్ల పీడనంతో నిలకడగా పంపవచ్చు. ఇది బాగా పనిచేస్తుంది. కానీ కెమెరాతో చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లలో అది కాస్త ఉబ్బినా సర్జన్‌కు ఏమీ కనబడదు. అప్పుడు కాసేపు పని ఆపి రెండు ఊపిరితిత్తులకూ గాలి ఇవ్వడమే దారి. ఊపిరితిత్తి మొత్తం తీస్తున్నట్లయితే దాని ధమనిని సర్జన్ బిగించగానే వృథా పోయే రక్తం ఆగి శాచురేషన్ లేస్తుంది. 1990ల నుంచి కెమెరా ఆపరేషన్లు పెరిగాక సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ మధ్య ఈ సంభాషణ తెరకు అటూ ఇటూ రోజూ నడవాల్సిందే, ఏ పక్క మౌనంగా ఉన్నా రోగికి నష్టం.

తిరిగి విచ్చుకోవడం

పని ముగిశాక ఛాతీలో ఉప్పునీరు పోసి, ముడిచిన ఊపిరితిత్తిని చేత్తో బ్యాగు నొక్కి నెమ్మదిగా 20 నుంచి 30 సెంటీమీటర్ల పీడనం దాకా నింపుతారు. కుట్టు దగ్గర బుడగలు వస్తే గాలి కారుతోందన్నమాట, మళ్లీ సరిచేస్తారు. ఒక్కసారిగా నింపకూడదు, చాలాకాలం ముడుచుకుని ఉన్న ఊపిరితిత్తి వేగంగా విచ్చుకుంటే నీరు పడుతుంది. వీలైనంతవరకు థియేటరులోనే గొట్టం తీసి రోగిని సొంతంగా ఊపిరి తీయనివ్వడం మంచిది, వెంటిలేటరు పీడనం కొత్త కుట్లకు పడదు. ఇంకా శ్వాస సాయం కావాల్సి ఉంటే పొడవైన సన్నని కడ్డీ ఆధారంగా రెండు దారుల గొట్టం తీసి మామూలు గొట్టం వేస్తారు. గొంతు వాచి ఉండే ఆ సమయంలో ఈ మార్పిడి తేలికైన పని కాదు.

పక్కటెముకల మధ్య కోత చాలా నొప్పి పెడుతుంది. నొప్పికి భయపడి రోగి పైపైన ఊపిరి తీస్తే, దగ్గకపోతే, కళ్లె పేరుకుని న్యుమోనియా వస్తుంది. అందుకే వెన్నులో ఎపిడ్యూరల్ గొట్టమో, వెన్నుపూస పక్కన నరాల బ్లాకో ఆపరేషన్ రోజే వేస్తారు. 2016లో వర్ణించిన ఎరెక్టర్ స్పైనే బ్లాకు సులువు కావడంతో త్వరగా వ్యాపించింది. మరుసటి ఉదయం రోగిని కూర్చోబెట్టి, దిండును ఛాతీకి అదుముకుని దగ్గడం ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. ఛాతీ గొట్టం సీసాలో బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి గోడను తాకేదాకా ఆ గొట్టం ఉంచుతారు.